కంచం ధర: వెచ్చాల ఖర్చు అదుపులో పెట్టుకుని బాగా తినాలంటే ఏది ఎంచుకోవాలి

ఓసారి కాయ బఠాణీ కిలో కొన్నాను. ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుని వొలిచి, సరదాకి గింజల్ని తూచి చూశాను. 430 గ్రాములు. మిగతాదంతా తొక్క. అదే షాపులో ఫ్రీజర్‌లో వొలిచిన బఠాణీ ప్యాకెట్ కూడా ఉంది. కిలో లెక్కన చూస్తే కాయ కన్నా ఒకటిన్నర రెట్లు ధర. "ఇంత రేటా" అనుకుని దాన్ని వదిలేసి, చౌక కదా అని కాయ తెచ్చుకున్నది నేనే. తీరా లెక్క వేస్తే నేను వొలిచిన గింజ ఆ ప్యాకెట్ గింజ కన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ పడింది. వొలవడానికి పట్టిన అరగంట అదనం.

బజారులో దీనికి పాత మాటే ఉంది, తరుగు. తూకంలో ఉండి కంచంలోకి రానిదంతా తరుగే. తొక్క, కాడ, ఎముక, కుళ్ళి పారేసింది, ఎక్కువ వండి పారబోసింది, అన్నీ అందులోకే వస్తాయి. కట్టిన డబ్బుని నోట్లోకి వెళ్ళిన బరువుతో భాగిస్తే వచ్చేదాన్ని నేను కంచం ధర అంటాను. సరుకుల విషయంలో రెండింటిలో ఏది కొనాలి అని తేల్చుకోవాల్సి వస్తే ఈ ధరల్నే పక్కపక్కన పెట్టి చూస్తాను. అలా చూసినప్పుడు కొన్నిచోట్ల చౌక అనుకున్నది ఖరీదు అవుతుంది, కొన్నిచోట్ల ఖరీదు అనుకున్నదే గెలుస్తుంది.

బడ్జెట్ ఎంత పెట్టుకోవాలి

జీతంలో ఇంత శాతం తిండికి అని ఎవరైనా లెక్క చెబితే నమ్మకండి. 1857లోనే జర్మన్ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల పద్దులు చూసి ఒక సంగతి తేల్చాడు. ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుంది. అంటే వాటా అనేది మీ ఆదాయాన్ని బట్టి మారేదే తప్ప, మీరు దుబారా మనుషులా పొదుపు మనుషులా అన్నది చెప్పదు. 1960ల మొదట్లో అమెరికాలో మాలీ ఓర్షాన్‌స్కీ పేదరికానికి గీత గీసినప్పుడు, పొదుపుగా తినడానికయ్యే ఖర్చుని మూడుతో హెచ్చించింది. అప్పటి సర్వేలో సగటు కుటుంబం ఆదాయంలో మూడో వంతు తిండికే పోతున్నట్టు తేలడమే కారణం. ఆ మూడో వంతు లెక్క ఇవాళ అక్కడే చెల్లదు.

అందుకని శాతాలు పక్కన పెట్టి, మీ ఇంటి గత మూడు నెలల బిల్లులు తీయండి. మూడు నెలల సగటు మీ అసలు ఖర్చు. దాని మీద మొదటి నెల పదో వంతు తగ్గించి చూడండి, అంతకు మించి వద్దు. ఒకేసారి సగానికి సగం కోస్తే రెండో వారానికి ఇంట్లో అందరికీ నీరసం వచ్చి, మూడో వారం బయటి నుంచి తెప్పించుకోవడం మొదలవుతుంది. ఆ నెల బిల్లు పాత నెల కన్నా ఎక్కువే వస్తుంది. నాకు తెలిసిన చాలా ఇళ్ళలో జరిగింది ఇదే, మా ఇంటితో కలిపి.

లెక్క రాయడానికి మూడు దారులున్నాయి: నోట్‌బుక్, కవర్లో నగదు, ఫోన్‌లో యాప్. జపాన్‌లో హానీ మొటోకో అనే పత్రికా రచయిత్రి 1904లో ఇంటి జమాఖర్చుల పుస్తకం ఒకటి తయారుచేసింది. కకేబో అనే ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. చేత్తో రాయడంలో ఒక లాభం ఉంది, రాసేటప్పుడు కాస్త సిగ్గేస్తుంది. యాప్‌లో అంకె పడిపోతుంది, మనం చూడం.

డబ్బు ఎక్కడికి పోతోందో తెలియని వాళ్ళకి నోట్‌బుక్ మేలు. ఎక్కడికి పోతోందో తెలిసి కూడా చెయ్యి ఆగని వాళ్ళకి కవరు మేలు. వారానికి ఇంత అని నగదు కవర్లో పెట్టి, అది అయిపోతే ఆ వారానికి ఇంట్లో ఉన్నదానితోనే సరి. ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా సరుకులు తెచ్చే ఇంట్లో మాత్రం అందరి ఫోన్లలో కనిపించే యాప్ తప్పదు. లేకపోతే ఇద్దరూ ఒకే రోజు పాలు తెస్తారు.

నెలకోసారా, వారానికోసారా, రోజూనా

దీనికి ఏదో ఒకటే ఎంచుకోవాలి అనుకోవడమే పొరపాటు. సరుకుని బట్టి వేళ మారాలి. బియ్యం, పప్పులు, నూనె, ఉప్పు, పంచదార, సబ్బులు నెలకోసారి. కూరగాయలు, పళ్ళు వారానికి రెండుసార్లు. ఆకుకూర వండే రోజునో ముందు రోజునో.

నెలకోసారి మొత్తం తెచ్చేస్తే బజారుకు వెళ్ళే సార్లు తగ్గుతాయి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, షాపులోకి వెళ్ళిన ప్రతిసారీ చీటీలో లేనిది ఒకటో రెండో బుట్టలో పడతాయి. అయితే కూరగాయల విషయంలో ఇదే పద్ధతి తరుగు పెంచుతుంది. రోజూ వెళ్ళేవాళ్ళకి తరుగు దాదాపు ఉండదు కానీ, రోజూ ఓ బిస్కెట్ ప్యాకెట్ వెంట వస్తుంది. రోజూ వెళ్ళక తప్పదంటే చేతిలో కార్డు లేకుండా, లెక్కగా చిల్లర మాత్రమే పట్టుకుని వెళ్ళండి. మా అత్తయ్య ఇప్పటికీ అంతే చేస్తుంది. ఫోన్ కూడా తీసుకెళ్ళదు.

చిన్న కొట్టా, సూపర్ మార్కెట్టా, యాప్‌లో ఆర్డరా

ఒకప్పుడు కొట్టుకి వెళ్తే చీటీ ఇవ్వడం, కొట్టువాడు పొట్లాలు కట్టి ఇవ్వడం, అంతే. సరుకు మన చేతికి అందేది కాదు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే కొట్టు తెరిచి, కొనేవాళ్ళనే లోపలికి వదిలి ఎవరికి కావాల్సింది వాళ్ళే తీసుకోమన్నాడు. 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే షాపుల యజమాని చక్రాల బండి పెట్టాడు. చేతిలో బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని ఆయన గమనించాడు. బండి వచ్చింది మన చేతుల నొప్పి చూసి కాదన్నమాట. అప్పటినుంచీ అదే నడుస్తోంది. ఎదురుగా కంటి ఎత్తులో షాపువాళ్ళకి లాభం వచ్చేవి, పాలూ గుడ్లూ షాపు చివరి గోడ దగ్గర.

నా లెక్క ఇలా ఉంటుంది. పది రకాల లోపు కొనేటప్పుడు చిన్న కొట్టు గెలుస్తుంది. వస్తువుకి కాస్త ఎక్కువ ఇచ్చినా, కావాల్సింది పావు కిలో అయితే పావు కిలోనే ఇస్తారు, వెంట ఏమీ రాదు. నెల సరుకులకి సూపర్ మార్కెట్ గెలుస్తుంది, చీటీకి కట్టుబడి ఉంటేనే. బండి తీసుకోకుండా బుట్ట తీసుకోవడం చిన్న చిట్కాయే కానీ పనిచేస్తుంది.

యాప్ సంగతి కాస్త తిరకాసు. మొత్తం ఎంతయిందో కొనేటప్పుడే కళ్ళముందు కనిపిస్తుంది, ఎక్కువైతే తీసేయొచ్చు. ఇది పెద్ద సుగుణం, బండిలోంచి తీసి మళ్ళీ అరలో పెట్టడానికి మనకి మొహమాటం, యాప్ దగ్గర ఆ మొహమాటం లేదు. కానీ డెలివరీ ఛార్జీ పడకూడదంటే ఇంత మొత్తం దాటాలి అనే గీత ఒకటి పెడతారు. దాన్ని దాటించడానికి చిప్స్ ప్యాకెట్లు వేసుకుంటే ఛార్జీ కట్టడమే చౌక. నేను చేసేది ఏమిటంటే, వారం పొడుగునా గుర్తొచ్చినప్పుడల్లా బుట్టలో వేస్తూ పోతాను, ఆర్డర్ మాత్రం ఒక్కరోజే పెడతాను. పెట్టేముందు ఒకసారి మొత్తం చూస్తే మూడు నాలుగు వస్తువులు "ఇవెందుకు వేశాను" అనిపిస్తాయి. కూరగాయలు మాత్రం యాప్‌లో వద్దు, గట్టి సరుకైతే ఫరవాలేదు. బంగాళాదుంప, ఉల్లిపాయ, క్యారెట్ ఎవరు ఏరినా ఒకటే. టమాటా, ఆకుకూర, పళ్ళు చేత్తో పట్టుకుని ఏరుకోకపోతే తరుగు మన ఇంటికొచ్చి తేలుతుంది.

పెద్ద ప్యాకా, చిన్న ప్యాకా

పెద్ద ప్యాక్ ఎప్పుడూ చౌక అని మనలో ఒక నమ్మకం పాతుకుపోయింది. చాలాసార్లు నిజమే. కానీ చిన్న ప్యాక్ మీద ఆఫర్ నడుస్తున్నప్పుడు, లేదా కంపెనీ పెద్ద ప్యాక్‌లో బరువు తగ్గించినప్పుడు లెక్క తిరగబడుతుంది. ధర అలాగే ఉంచి లోపల సరుకు తగ్గించడం ఎంత మామూలైపోయిందంటే, ఫ్రాన్స్‌లో 2024 జులై 1 నుంచి అలా తగ్గిన ప్యాకెట్ల దగ్గర ఆ సంగతి బోర్డు మీద రాసి పెట్టాలని పెద్ద షాపులకి నిబంధన పెట్టారు. యూరోపియన్ యూనియన్ 1998లోనే కిలో లేదా లీటరు ధర కూడా చూపించాలని ఆదేశం తెచ్చింది. మీరుండే చోట అలాంటి చీటీ అంటించి ఉంటే పెద్ద అంకె వదిలేసి ఆ చిన్న అంకె చూడండి. లేకపోతే ఫోన్‌లో భాగించుకోండి, పది సెకన్ల పని.

కిలో ధర తక్కువే అని తేలాక రెండో ప్రశ్న ఉంటుంది, పాడయ్యేలోపు అయిపోతుందా? ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఆఫర్‌లో ముడి గోధుమ పిండి పది కిలోల సంచి తెచ్చాను. మా నలుగురికి నెలకి నాలుగు కిలోల లోపే ఖర్చవుతుంది. రెండో నెల గడిచేసరికి పిండి వాసన మారింది, జల్లెడ పడితే సన్నటి పురుగులు. దాదాపు మూడు కిలోలు పారేశాను. ఆఫర్‌లో మిగిలింది ఐదో వంతు, పోయింది దాదాపు మూడో వంతు. చౌక బేరం చేటు అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

ఇందులో ఒక కిటుకుంది. గింజలో నూనె ఉన్న భాగం ఎంత మిగిలి ఉంటే అది అంత త్వరగా ముక్కిపోతుంది. తెల్ల బియ్యంలో తవుడు తీసేస్తారు కాబట్టి తడి తగలకుండా మూత గట్టిగా పెడితే ఏళ్ళ తరబడి నిలుస్తాయి. ముడి బియ్యం ఆరు నెలలు దాటితే కష్టం. ముడి గోధుమ పిండి ఇంకా తక్కువ. పప్పులు, శనగలు, ఎండు చిక్కుడు గింజలు చక్కగా నిలుస్తాయి, కాకపోతే పాతబడేకొద్దీ ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, గ్యాస్ ఖర్చు అక్కడ కనిపిస్తుంది. మసాలా దినుసులు గింజలుగా ఉంటే ఏడాదైనా వాసన పోదు, పొడి అయితే కొన్ని నెలలకే మట్టి అవుతుంది. కాబట్టి పెద్ద ప్యాక్ తెల్ల బియ్యానికి, పప్పులకి, ఉప్పుకి, పంచదారకి. పిండికి, పొడులకి, నూనెకి చిన్నదే.

"రెండు కొంటే ఒకటి ఉచితం" అన్నది మూడూ తినేవాళ్ళకి మూడో వంతు తగ్గింపు. రెండు తిని మూడోది పారేసేవాళ్ళకి సున్నా. అసలు ఒక్కటే అవసరమైన వాళ్ళకి అది రెట్టింపు ధర.

తాజావా, ఫ్రోజెనా, డబ్బాలోవా, ఎండువా

తాజా అంటే మంచిది, ఫ్రోజెన్ అంటే పాతది అనే భావన నాకూ ఉండేది. కూరగాయ కోసినప్పటి నుంచే దానిలోని సి విటమిన్ తగ్గడం మొదలవుతుంది, ఆకుకూరల్లో మరీ వేగంగా. తోట నుంచి లారీ, లారీ నుంచి బజారు, బజారు నుంచి మన ఫ్రిజ్, అక్కడ నాలుగు రోజులు. ఫ్రోజెన్ బఠాణీని కోసిన కొద్ది గంటల్లోనే వేడినీళ్ళలో ముంచి గడ్డకట్టిస్తారు. ఆ వేడినీళ్ళలో కొంత పోతుంది, ఆ తర్వాత మైనస్ 18 డిగ్రీల దగ్గర పెద్దగా ఏమీ పోదు. మొత్తం మీద తేడా అంతంత మాత్రమే, వారం పాతబడిన తాజా కూరగాయ కంటే ఫ్రోజెనే మెరుగు కావచ్చు.

కంచం ధర చూద్దాం. ఏ డబ్బైనా అనుకోండి, పాలకూర కిలో 80, ఫ్రోజెన్ పాలకూర కిలో 110. తాజా కిలోలో వేర్లు, ముదురు కాడలు 300 గ్రాములు తీసేస్తాం. ఫ్రిజ్‌లో రెండు రోజులుంటే ఇంకో 150 గ్రాములు వడలి పసుపెక్కుతుంది. మిగిలింది 550 గ్రాములు. అంటే తిన్న ఆకు కిలో 145 పడింది. ఫ్రోజెన్‌లో 110కి 110. అదే పాలకూర కొన్న రోజే వండితే తీసేసేది 300 గ్రాములే, అప్పుడు కిలో 114. దాదాపు సమానం, రుచిలో తాజాదే పైచేయి. ఒక్క రోజు తేడాతో జవాబు మారిపోయింది చూశారా. వండే రోజు ఖాయంగా తెలిస్తే తాజాది కొనండి, "ఎప్పుడో ఒకప్పుడు వండుదాం" అయితే ఫ్రోజెన్. సీజన్‌లో రాశులు పోసి అమ్మే కూరగాయకి మాత్రం ఏదీ సాటి రాదు, అప్పుడు మారు మాట లేకుండా తాజాదే.

శనగలు, రాజ్మా లాంటివి డబ్బాలో ఉడికించినవి కొనాలా, ఎండువి కొనాలా? 400 గ్రాముల డబ్బాలో నీళ్ళు వొంపేస్తే గింజలు సుమారు 240 గ్రాములు ఉంటాయి. ఎండు శనగలు 100 గ్రాములు నానబెట్టి ఉడికిస్తే దాదాపు అన్నే వస్తాయి. కాబట్టి డబ్బా ధరని 100 గ్రాముల ఎండు శనగల ధరతో పోల్చాలి. ఎక్కడ చూసినా ఎండువే చౌక, గ్యాస్ కలుపుకున్నా సరే. అడ్డం వచ్చేది జ్ఞాపకం ఒక్కటే, రాత్రి నానబెట్టాలని రాత్రి గుర్తుండదు. నేను ఒకేసారి అర కిలో నానబెట్టి ఉడికించి, గిన్నెడు గిన్నెడు చొప్పున ఫ్రీజర్‌లో పెడతాను. అప్పుడు అవే నా డబ్బాలు. రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త: సరిగ్గా ఉడకని రాజ్మాలో కడుపులో తిప్పి వాంతులు తెప్పించే పదార్థం ఉంటుంది. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో తెర్లే మంట మీద కనీసం 10 నిమిషాలు మరిగించాకే మంట తగ్గించాలి. డబ్బావి వాడితే ఒకసారి కడిగితే ఉప్పు చెప్పుకోదగ్గంత పోతుంది.

ప్రొటీన్ ఎక్కడ కొనాలి

సరుకుల బిల్లులో ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, పోలిక తప్పుగా జరిగేదీ ఇక్కడే. పెద్దవాళ్ళకి శరీర బరువు కిలోకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. 100 గ్రాముల పచ్చి సరుకులో ఉజ్జాయింపుగా సోయా చంక్స్‌లో 50 గ్రాములు, వేరుశనగల్లో 25, పప్పుల్లో 24, శనగల్లో 20, కొవ్వు లేని కోడి మాంసంలో 22, గుడ్డులో 13, పాలలో 3 నుంచి 3.5 గ్రాములు ఉంటుంది. ఒక్కో గుడ్డుకి 6 గ్రాములని గుర్తుంచుకుంటే సులువు.

మీ ఊరి కిలో ధరల్ని ఈ అంకెలతో భాగించి చూడండి. 10 గ్రాముల ప్రొటీన్‌కి ఎంత పడిందో తేలుతుంది. చాలా చోట్ల సోయా, పప్పులు ముందుంటాయి, తర్వాత గుడ్లు, ఆ తర్వాతే మాంసం. కోడిలో కూడా మొత్తం కోడి కొంటే ఎముక, తోలు పోగా సగం పైచిలుకే మాంసం. ఎముకల్లేని ముక్కల ధర మొత్తం కోడి ధరకి రెట్టింపు లోపు ఉంటే ఇంచుమించు సమానమే. మీకు ఎముకలతో సూప్ కాచే అలవాటుంటే మొత్తం కోడి గెలుస్తుంది, లేకపోతే ఎముకల కోసం డబ్బు కట్టినట్టే.

అలాగని చౌకదే తిందామని అన్నీ మానేసి సోయా మీద పడొద్దు. ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఒకటి పూడుస్తాయి, ఒకే పూటలో కాకపోయినా ఒకే రోజులో. పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే పక్కన నిమ్మకాయో టమాటానో ఉండాలి. బి12 విటమిన్ మాత్రం మొక్కల తిండిలో దొరకదు, పాలు, గుడ్లు, చేప, మాంసం లేదా అది కలిపి అమ్మే సరుకుల నుంచే రావాలి. నాలాంటి వాడికి సర్దుబాటు ఏమిటంటే, రోజువారీ ప్రొటీన్ బరువంతా పప్పుల మీద పెట్టి, గుడ్లూ పాలూ రోజూ కొంచెం, మాంసం వారానికి ఒకటి రెండుసార్లు. అదీ ముక్కలు ముక్కలుగా వడ్డించడం కన్నా కూరలో కలిసిపోయేట్టు వండితే అర కిలో కిలోలా కనిపిస్తుంది.

ఏది తగ్గించాలి, ఏది ముట్టుకోకూడదు

ఖర్చు తగ్గించాలనగానే ముందు పళ్ళ మీద పడతారు. నన్నడిగితే అది అన్యాయం. రోజుకి మనిషికి 400 గ్రాముల కూరగాయలూ పళ్ళూ తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నలుగురి ఇంటికి వారానికి 11 కిలోలు. ఈ అంకె ఒకసారి మీ సంచితో పోల్చుకోండి, చాలామందికి సంచి ఇంత నిండదు. మరోవైపు బిల్లులో కూల్ డ్రింకులు, బిస్కెట్లు, చిప్స్, పొడుల ప్యాకెట్లు, రెడీమేడ్ సాస్‌లు చేరి మెల్లగా ఒక వరుస కడతాయి. ఒక్కోటీ చిన్న మొత్తమే. బిల్లు మీద వాటికి మాత్రం ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి కూడితే తల తిరుగుతుంది.

పళ్ళలో రకం మార్చుకోవచ్చు, మానక్కర్లేదు. దూరం నుంచి వచ్చి మెరుస్తూ కూర్చున్న పండు బదులు ఆ నెలలో పండినది. బ్రాండ్ల సంగతీ అంతే. ఉప్పు, పంచదార, పప్పు, బియ్యం లాంటి వాటికి బ్రాండు పేరు కోసం అదనంగా ఇవ్వడం నాకు నచ్చదు, లోపల ఉన్నది ఒకటే సరుకు. లూజు సరుకైతే రాళ్ళు, పుచ్చులు చూసుకుని కొనాలి, ఏరగా పోయేది కూడా తరుగే కదా. టీ పొడి, కాఫీ లాంటి వాటిలో మాత్రం నచ్చినదే కొనుక్కోండి. నచ్చని కాఫీ తాగి, దాని మీద విసుగుతో బయట కాఫీ తాగేవాళ్ళని చూశాను.

మెనూ ముందా, సరుకు ముందా

వారం మెనూ రాసుకుని దానికి కావాల్సినవి కొనడం ఒక పద్ధతి. బజారులో చౌకగా దొరికింది తెచ్చి దానితో ఏం వండాలో ఆలోచించడం ఇంకో పద్ధతి. మొదటిదానిలో చీటీ కచ్చితంగా ఉంటుంది, కానీ మెనూలో రాశాం కదా అని ఆ వారం రేటు మండిపోతున్న కూరగాయ కూడా కొంటాం. రెండోది చెయ్యి తిరిగిన వాళ్ళకే, మిగతావాళ్ళకి చౌకగా వచ్చిన క్యాబేజీ ఫ్రిజ్‌లో నల్లబడుతుంది.

నేను మూడోదానికి మారి చాలా ఏళ్ళయింది. ముందు ఫ్రిజ్ తెరిచి, అందులో త్వరగా పాడయ్యేవాటితో మొదటి రెండు రోజుల వంట రాస్తాను. తర్వాత రోజులకి "ఆకుకూర", "పప్పు", "గుడ్లు", "ఏదో ఒక వేపుడు" అని ఖాళీలు వదిలేస్తాను. ఆకుకూర అంటే ఏ ఆకుకూర అన్నది బజారులో రేటు చెబుతుంది. వారంలో ఒక పూట మిగిలినవన్నీ కలిపి వండటానికి వదలాలి, అన్నంలో కలిపినా, సూప్ చేసినా, గుడ్డుతో వేయించినా సరే. పిల్లలు ఆ పూటకి మా ఇంట్లో "ఫ్రిజ్ ఖాళీ భోజనం" అని పేరు పెట్టారు.

మిగిలినది దాచుకోవడంలో పొదుపు ఎంతో ప్రమాదమూ అంతే. వండిన తిండి రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయి. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త, దానిలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా చేసే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వెడల్పు పళ్ళెంలో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే తినేయండి. ప్యాకెట్ మీద రెండు రకాల తేదీలు ఉండొచ్చు. ఫలానా తేదీ లోపు వాడేయాలి అంటే అది ప్రమాదం గురించి, దాటితే పారేయాల్సిందే. ఫలానా తేదీ వరకు బాగుంటుంది అంటే రుచి, కరకర గురించి. ఆ రెండో రకం తేదీ దాటిందని పప్పు ప్యాకెట్ పారేయడం శుద్ధ దండగ.

ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకే బుట్టలో వేయకండి, కలిపి ఉంచితే రెండూ త్వరగా పాడవుతాయి. పండిన అరటిపళ్ళు, ఆపిల్స్ వదిలే వాయువు పక్కన ఉన్న ఆకుకూరని పసుపెక్కిస్తుంది, వాటినీ దూరం పెట్టాలి. ఆకుకూర కడక్కుండా పొడి గుడ్డలో చుడితే రెండు రోజులు అదనంగా నిలుస్తుంది.

ఎవరికి ఏది కుదురుతుంది

పెద్ద కుటుంబమైతే తెల్ల బియ్యం, పప్పులు పెద్ద ప్యాక్‌ల్లో, కూరగాయలు వారానికి రెండుసార్లు, లెక్కకి నోట్‌బుక్. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో సెలవు రోజు శనగలూ రాజ్మా ఉడికించి ఫ్రీజర్లో పెట్టుకోవడం, కొన్ని ఫ్రోజెన్ కూరగాయలు ఉంచుకోవడం అన్నింటి కన్నా ఎక్కువ మిగులుస్తుంది. వాళ్ళ బిల్లులో పెద్ద చిల్లు అలసిపోయిన రాత్రి బయటి నుంచి తెప్పించే భోజనమే. కూరగాయ ప్యాకెట్ కాస్త ఖరీదైనా ఆ పార్సెల్ ముందు ఏపాటిది?

ఫ్రిజ్ లేని ఇంటికి ఎండు సరుకులే ప్రాణం. కూర ఒక పూటకి సరిపడా వండాలి. కొట్టు దగ్గర్లో ఉంటే కూరగాయలు ఏ రోజువి ఆ రోజు.

ఒంటరిగా ఉండేవాళ్ళ సంగతి మాత్రం అన్నిటికన్నా కష్టం. ప్యాక్‌లన్నీ కుటుంబాల కోసం కట్టినవే, తరుగు వాళ్ళకే ఎక్కువ. 2022లో ప్రపంచంలో ఇళ్ళలో పారేసిన తిండి 63 కోట్ల టన్నులని, మనిషికి ఏడాదికి 79 కిలోలని ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ లెక్క కట్టింది, తొక్కలూ ఎముకలూ కలుపుకుని. ఒంటరివాళ్ళు రెండు వారాల పాటు చెత్తబుట్ట పక్కన ఒక గిన్నె పెట్టి, తినగలిగి ఉండీ పారేసినదంతా అందులో వేసి రాత్రి తూచి రాసుకుంటే చాలు. నేను బ్రహ్మచారిగా ఉన్న రోజుల్లో అలా తూచాను, గిన్నెలో ఎక్కువగా పడింది రొట్టె. అప్పటి నుంచి రొట్టె కొన్న రోజే సగం ఫ్రీజర్లో పెట్టి, ఒక్కో ముక్క తీసి నేరుగా పెనం మీద కాల్చుకుంటున్నాను.